అరవై దాటాక మలావీలో: మా ఇద్దరి పరిచర్య అనుభవం

ఉద్యోగ విరమణ చేసిన భార్యాభర్తలు పరాయి దేశంలో మిషనరీలుగా ఉండగలరా, ఆరోగ్యం సహకరిస్తుందా, ఆ వయసులో కొత్త భాష పట్టుబడుతుందా అని మా సంఘంలోనూ చుట్టుపక్కల సంఘాల్లోనూ చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పేకన్నా జరిగింది జరిగినట్టు రాయడం మేలనిపించింది.

మేము 2022 మే నెలలో మలావీ వెళ్ళాం. ఆఫ్రికాలో టాంజానియా, మొజాంబిక్, జాంబియాల మధ్య సన్నగా, పొడుగ్గా ఉండే దేశం అది. అప్పటికి నాకు 62 ఏళ్ళు, మావారికి 65. నేను మిషన్ ఆసుపత్రి ప్రసూతి విభాగంలో నర్సుగా పనిచేసి విరమించాను. మావారు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు, చివరి కొన్నేళ్ళు ప్రధానోపాధ్యాయులు.

మాది ఒంగోలు దగ్గర పల్లె. మా ప్రాంతపు క్రైస్తవ కుటుంబాలకు మిషనరీల సంగతి ఇంటి సంగతే. 1876–78 నాటి కరువులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వే పనిలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి, గంజి చూపించారని మా నాయనమ్మ తన పెద్దల దగ్గర విని మాకు చెప్పేది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ముత్తాత వారిలో ఒకరు. అయితే మిషనరీ అంటే సముద్రం దాటి మన దగ్గరకు వచ్చేవారే అని నేనెప్పుడూ అనుకోలేదు. 1903లోనే తెలుగు బాప్తిస్టులు తమ సొంత కానుకలతో జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపారు. చెరకు తోటల్లోకి, తేయాకు తోటల్లోకి కూలీలుగా వెళ్ళిన మనవాళ్ళ మధ్య ఆయన సంఘం కట్టారు. కూలినాలి చేసుకునే విశ్వాసులు పిడికెడు బియ్యం తీసిపెట్టి ఒక కుటుంబాన్ని ఆఫ్రికాకు పంపగలిగినప్పుడు, ఇద్దరికీ పింఛను వస్తున్న మేము వెళ్ళలేకపోవడానికి కారణం కనపడలేదు.

పిల్లలకు మాత్రం చాలా కారణాలు కనపడ్డాయి. నాన్నకు షుగరు, నాకు బీపీ, అక్కడ మలేరియా. మా అబ్బాయి నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు. వాడి భయం నిజమైన భయమే కాబట్టి వాదించలేదు. గుండె, మూత్రపిండాలు, కళ్ళు, పళ్ళు అన్నీ పరీక్ష చేయించుకుని ఆ కాగితాలు వాడి చేతికే ఇచ్చాం. ఒకరికి జబ్బు చేస్తే ఇద్దరం వెనక్కి వచ్చేస్తామని మాట ఇచ్చాం. వెళ్ళాలనుకునే దంపతులు ఈ పని మొదట చేసుకోవాలి. పిల్లల మనసులో ముల్లు ఉండగా విమానం ఎక్కితే అక్కడ ప్రార్థనలో కూడా అదే గుచ్చుకుంటుంది.

అడిస్ అబాబాలో విమానం మారి బ్లాంటైర్ చేరాం. అక్కడి నుంచి తేయాకు తోటల మధ్యగా ములాంజె పర్వతం వైపు ప్రయాణం. ఆ కొండ 3,000 మీటర్ల ఎత్తు, చదునైన నేల మీద ఒక్కసారిగా గోడలా లేస్తుంది. దాని నీడలో ఉన్న ఒక మిషన్ ప్రాంగణంలో మాకు ఇల్లు ఇచ్చారు. పాతకాలపు ఎర్ర ఇటుక గోడలు, రేకుల కప్పు. పక్కనే చిన్న ఆసుపత్రి, అవతల ఉన్నత పాఠశాల, నడుమ చర్చి.

ఆఫ్రికా అంటే ఎండ అనుకుని వెళ్ళినవాళ్ళం. జూన్, జూలైలలో అక్కడ చలికాలం. తూర్పు నుంచి వచ్చే తడిగాలితో కొండ చుట్టూ మంచుతుంపర పడుతుంది. దాన్ని చిపెరోని అంటారు. రోజుల తరబడి సూర్యుడు కనపడడు, ఉతికిన బట్ట ఆరదు, కరెంటు ఉండదు. రోహిణి కార్తె ఎండలు తప్ప మరొకటి ఎరగని ఒళ్ళు మాది. మావారికి మోకాళ్ళ నొప్పులు తిరగబెట్టాయి. బొగ్గుల కుంపటి వరండాలో రాజేసి, సెగ తగ్గాక లోపలికి తెచ్చుకోవాలని పొరుగింటావిడ చూపించింది. తలుపులు బిగించుకుని బొగ్గులు పెట్టుకుంటే ప్రాణానికే ముప్పని సైగలతో ఎంతో జాగ్రత్తగా చెప్పింది. మేము వెళ్ళిన నెలలోనే అక్కడి ప్రభుత్వం తమ కరెన్సీ క్వాచా విలువను 25 శాతం తగ్గించింది. నూనె, సబ్బు, పిండి ధరలు వారంలో మారిపోయాయి. మేము రూపాయల పింఛను మీద బతికేవాళ్ళం కాబట్టి మా వరకు గడిచిపోయింది. ఆసుపత్రిలో నాతో పనిచేసే నర్సుల జీతం మాత్రం కళ్ళముందే కరిగిపోయింది.

తిండి విషయంలో మాకు పెద్దగా ఇబ్బంది కలగలేదు. తెల్ల మొక్కజొన్న పిండితో చేసే న్సిమ మన సంగటి లాంటిదే. చేత్తోనే తింటారు, కుడిచేత్తోనే తింటారు. భోజనానికి ముందు ఇంట్లో చిన్నవాళ్ళు చెంబూ పళ్ళెం పట్టుకుని వచ్చి, మోకాళ్ళ మీద వంగి పెద్దల చేతుల మీద నీళ్ళు పోస్తారు. గుమ్మడాకు, చిలగడదుంప ఆకు, మునగాకు వండుతారు. మలావీ సరస్సులో పట్టి ఎండబెట్టిన ఉసిప అనే చిన్న చేపలు మన నెత్తళ్ళను తలపిస్తాయి. వాటిని చింతపండు పులుసులో పెట్టినప్పుడు మావారు మాట్లాడకుండా రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

కంది గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. దక్షిణ మలావీలో ప్రతి చేలోనూ మొక్కజొన్న మధ్య కంది కనిపిస్తుంది. వాళ్ళు నందోలో అంటారు. గింజను గింజగానే ఉడికించి కూరగా తింటారు. అమ్ముకునేది మాత్రం మన దేశానికి. బ్లాంటైర్ పక్కనున్న లింబేలో పప్పు మిల్లులున్నాయి. 2017లో భారతదేశం కంది దిగుమతికి హద్దు పెట్టినప్పుడు అక్కడ ధర పడిపోయి రైతులు చాలా దెబ్బతిన్నారు. ఆ తర్వాత 2021లో ఏటా 50 వేల టన్నుల చొప్పున ఐదేళ్ళు కొంటామని మన ప్రభుత్వం మలావీతో ఒప్పందం చేసుకుంది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ఒక ముసలాయన మావారి చేయి పట్టుకుని, "మీ దేశం ఈ ఏడు మా నందోలో కొంటుందా?" అని అడిగారు. ఆయన అడిగింది కబుర్ల కోసం కాదు, మనవరాలి బడి ఫీజు ఆ పంట మీదే ఆధారపడి ఉంది. మా తమ్ముడు ప్రకాశం జిల్లాలో కంది వేస్తాడు. బయటి దేశపు కంది వచ్చి ధర చెడిందని వాడు ఫోనులో బాధపడడం నేను ఎన్నో ఏళ్ళుగా వింటున్నాను. ఇద్దరు రైతుల బాధా నిజమే. ఇద్దరి కోసమూ ఒకే ప్రార్థనలో ఏమని అడగాలో ఆ రాత్రి మాకు తోచలేదు. పేర్లు చెప్పి ఊరుకున్నాం.

మేము భారతీయులం కావడం వల్ల మొదట్లో ఒక చిక్కు ఎదురైంది. మలావీలో భారతీయులంటే ఎక్కువగా గుజరాతీ వ్యాపారులు. పట్టణాల్లో దుకాణాలు వాళ్ళవి. సంతకు వెళ్తే దుకాణం ఎక్కడ పెట్టారని మమ్మల్ని అడిగేవారు, కుర్రవాళ్ళు ఉద్యోగం ఇప్పించమనేవారు. తెల్లవారైతే మిషనరీ అని చూడగానే తెలిసిపోతుంది. మేమెవరమో, ఎందుకొచ్చామో ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పుకోవాల్సి వచ్చింది. దీనివల్ల మేలే జరిగిందని ఇప్పుడు అనిపిస్తోంది. పేరు పెట్టుకుని దిగిన వాళ్ళం కాదు కాబట్టి, మేము చేసే పనిని చూసే మమ్మల్ని గుర్తుపట్టారు.

ఇక డబ్బు అడగడం. ఇంటి గుమ్మం ముందు "ఓది" అని పిలుపు వినపడితే, వచ్చినవారికి ఏదో అవసరం ఉన్నట్టే. మందులకు, ఎరువుకు, శవపేటికకు. ఒకరికిచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే మనసులు విరుగుతాయి, అందరికీ ఇవ్వడానికి మా దగ్గర లేదు. పాస్టరు గారితోనూ సంఘ పెద్దలతోనూ కూర్చుని, మేము ఇవ్వగలిగినది నెల మొదట్లో సంఘం చేతిలో పెట్టాలని నిర్ణయించుకున్నాం. ఎవరికి ఎంత అవసరమో వాళ్ళకే తెలుసు. ఇంట్లో పనిమనిషిని పెట్టుకోవడం నాకు మొదట ఇష్టం లేకపోయింది, నా గిన్నెలు నేను తోముకునే మనిషిని. పని ఇవ్వగలిగి ఇవ్వకపోవడాన్ని అక్కడ పిసినారితనంగా చూస్తారని పాస్టరు గారి భార్య మెల్లగా చెప్పారు. భర్త పోయిన ఒక తల్లిని పెట్టుకున్నాను. ఆమె పిల్లలిద్దరూ సాయంత్రాలు మావారి దగ్గర లెక్కలు చేసుకునేవారు.

భాష మాకు పెద్ద పరీక్ష. చిచేవా పలకడానికి కష్టం కాదు, అక్షరం రాసినట్టే పలుకుతారు. కష్టమంతా మాటల మొదట్లో ఉంది. ఏకవచనం బహువచనమైతే మాట తల మారుతుంది, దానితో పాటు వాక్యంలో మిగతా మాటల తలలూ మారతాయి. రిటైరైన ఒక ప్రాథమిక పాఠశాల టీచరు గారు, మా వయసావిడే, రోజూ పొద్దున వచ్చి నేర్పేవారు. మావారు పట్టికలు గీసుకుని చదివారు. నాకు ఆ పద్ధతిలో ఒక్క ముక్క నిలవలేదు. నాకు భాష నేర్పింది పురుడు గది. కాన్పు బల్ల మీద ఉన్న పిల్లకు "కాన్ఖానీ" అంటే ముక్కమని. "పుమానీ" అంటే ఊపిరి తీసుకోమని. ఆ పిల్ల చేయి నా చేతిలో ఉండగా అన్న మాట మళ్ళీ మరిచిపోలేదు.

అక్కడ ప్రతి రోగి దగ్గరా హెల్త్ పాస్‌పోర్ట్ అనే చిన్న పుస్తకం ఉంటుంది. ఆసుపత్రిలో దస్త్రాలు ఉండవు, ఆ మనిషి ఆరోగ్య చరిత్ర అంతా ఆమె దగ్గరే. గర్భిణి నడుముకు చుట్టుకున్న చితెంజె గుడ్డ కొంగు ముడి విప్పి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన పుస్తకాన్ని రెండు చేతులతో అందిస్తుంది. అంచులు నలిగి, ఒకచోట వాన నీటికి సిరా పాకి, మలేరియా మందులు, పోయిన కాన్పు, చనిపోయిన బిడ్డ తేదీ, అన్నీ అందులోనే. నేను ఆ పుస్తకం చదువుతున్నంతసేపూ ఆమె నా ముఖమే చూస్తుండేది. నలభై ఏళ్ళ సర్వీసులో నేను చూసిన ఏ దస్త్రం మీదా నాకు అంత గౌరవం కలగలేదు.

ఆపరేషను అవసరమైనప్పుడు భర్త సంతకం కోసం చూడటం మనకు అలవాటు. దక్షిణ మలావీలో చాలా తెగలు తల్లి వంశాన్ని పాటిస్తాయి. భూమి ఆడపిల్లలది, అల్లుడు ఇల్లరికం వస్తాడు, కుటుంబంలో పెద్దమాట మేనమామది. భర్త పక్కనే నిలబడి ఉన్నా, మేనమామకు కబురు వెళ్ళేదాకా ఇంటి ఆడవాళ్ళు కదలరు. మేనమామ మాటకు విలువ ఏమిటో మన ఇళ్ళలో తెలియనిది కాదు కాబట్టి, నేను ఆ కబురు ముందుగానే పంపించడం అలవాటు చేసుకున్నాను. దానివల్ల దక్కిన ప్రాణాలున్నాయి.

మావారి కష్టం వేరు. ముప్పై ఏళ్ళు బెత్తం, గంట తన చేతిలో పెట్టుకున్న మనిషి, తన కొడుకు కన్నా చిన్నవాడైన ప్రధానోపాధ్యాయుడి కింద పనిచేయాలి. తరగతిలో వంద మందికి పైగా పిల్లలు, నలుగురికొక పుస్తకం. ఆయన ఇంగ్లీషు ఉచ్చారణ పిల్లలకు అర్థం కావడానికి ఒక టర్ము పట్టింది. ఇంటికొచ్చి మౌనంగా కూర్చునేవారు. నాకది భయంగా ఉండేది. ఒంగోలులో నాకు నైట్ డ్యూటీలు, ఆయనకు బడి. ఇద్దరం కలిసి గడిపిన సాయంత్రాలు తక్కువ. మలావీలో ఆరింటికల్లా చీకటి, టీవీ లేదు, చుట్టాలు లేరు. ఒక దీపం, ఇద్దరం. మొదట్లో ఆ నిశ్శబ్దం బరువుగానే ఉండేది, చిన్న విషయాలకు మాట పెరిగేది. కొన్నాళ్ళకు రోజూ సాయంత్రం ప్రార్థనకు ముందు, ఆ రోజు ఏది కష్టమైందో ఒకరికొకరు దాచకుండా చెప్పుకోవాలని నియమం పెట్టుకున్నాం. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆయన తన భయాలు నాతో చెప్పడం అక్కడే మొదలుపెట్టారు. మలావీ మాకు ఇచ్చిన వాటిలో నేను అన్నిటికన్నా ఎక్కువగా దాచుకునేది ఇదే.

వయసు అడ్డమవుతుందని అందరూ అన్నారు గానీ, అక్కడ తలుపులు తెరిచింది ఆ వయసే. నెరిసిన తలకు అక్కడ ఎంతో మన్నన. దారిలో ఎదురైన ఆడపిల్లలు మోకాలు వంచి పలకరిస్తారు. అగోగో అని పిలిచే అవ్వ మాటను కొత్త కోడళ్ళు వింటారు, ఇరవై ఐదేళ్ళ నర్సు చెబితే వినరు. ఆసుపత్రికి రాకుండా ఇంట్లోనే పురుళ్ళు పోసుకునే చోట్లకు నన్ను ముందు పంపేవారు.

అయినా సంఘంలోని స్త్రీలు మమ్మల్ని తమవాళ్ళుగా తీసుకున్నది ఒక చావింట్లో. పొరుగింటావిడ తల్లి పోయింది. అక్కడ శవాన్ని లోపలి గదిలో ఉంచి, ఆడవాళ్ళంతా చుట్టూ నేల మీద కూర్చుని తెల్లవార్లూ పాడతారు. మగవాళ్ళు బయట నెగడు చుట్టూ ఉంటారు. స్త్రీల సమాజం వాళ్ళు మ్వానో పేరుతో గుంపుగా వచ్చి పాట అందుకుంటారు. వాయిద్యం ఉండదు, నాలుగు శ్రుతుల్లో గొంతులే. కాళ్ళు ముందుకు చాపుకుని చాప మీద కూర్చున్నాను. నడిరాత్రి దాటేసరికి నడుము నిలవలేదు. లేచి వెళ్ళాలని లేదు. నా వెనకున్న ముసలావిడ ఏమీ అనకుండా జరిగి, తన వీపు నా వీపుకు ఆనించింది. ఒకరికొకరం ఆనుకుని తెల్లారేదాకా ఉన్నాం. ఆమె పాడుతుంటే ఆ పాట నా వెన్నులో తెలిసేది. మర్నాటి నుంచి మా ఇంటికి పిండి, అరటిపళ్ళు, గుమ్మడాకు రావడం మొదలైంది.

2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను వచ్చింది. ఆరు నెలల వాన ఆరు రోజుల్లో కురిసింది. ములాంజె కొండ మీది నుంచి బండలు, బురద, చెట్లు కలిసి పల్లెల మీదికి దిగాయి. దేశంలో చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి వెయ్యి దాటారు, ఆరు లక్షల మందికి పైగా నిలువ నీడ లేకుండా పోయారు. అప్పటికే కలరా ప్రబలి ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు 17 ఏళ్ళు. మా సంఘం వాళ్ళు బియ్యం, బట్టలు మూటలు కట్టి పంపినప్పుడు, ఆ మూటలు కట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఈసారి అటువైపు ఉన్నాను. మావారి పాఠశాల శిబిరమైంది. బల్లలు బయటికి లాగి తరగతి గదుల్లో కుటుంబాలను పడుకోబెట్టారు. మరుగుదొడ్లు చాలవు, నీళ్ళలో క్లోరిన్ కలపాలి, విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఉప్పు చక్కెర నీళ్ళు చెంచాతో పడుతూ ఉండాలి. పదో తరగతి గది మూల ఒక చితెంజె గుడ్డ అడ్డం కట్టి కాన్పులు చేశాం.

అక్కడే మావారు కుదురుకున్నారు. ఎవరికి ఎంత పిండి అందిందో, ఎవరికి అందలేదో తేలక గొడవలవుతుంటే, ఆయన రూళ్ళ పుస్తకం తీసి ఇంటింటి పట్టిక వేశారు. కుటుంబ పెద్ద, ఆడవాళ్ళు, ఐదేళ్ళలోపు పిల్లలు, ముసలివాళ్ళు, ఇచ్చినది, ఇవ్వాల్సినది. ఆయన తరగతి పిల్లలే లెక్కలు కూడి, తప్పు పట్టి, సరిచేసి మరీ పంచారు. ఆ చిన్నవయసు ప్రధానోపాధ్యాయుడు రాత్రుళ్ళు వచ్చి ఆయన పక్కన కూర్చునేవారు. వాళ్ళిద్దరి మధ్య బిగువు ఆ రోజుల్లోనే వదిలిపోయింది. మా ఒంగోలు సంఘాలు వారంలో కానుకలు కూడబెట్టి పంపాయి. ఆ డబ్బుతో దుప్పట్లు, బకెట్లు కొన్నాం.

ఆరోగ్యం సంగతి అడిగినవారికి నిజం చెప్పాలి. దోమతెర కట్టుకున్నా మావారికి మలేరియా వచ్చింది, తొందరగా పరీక్ష చేయించి మందు వేయడంతో తగ్గింది. బీపీ, షుగరు మాత్రలు ఆరు నెలలకు సరిపడా చేతిలో ఉంచుకోవాలి, అక్కడ మందుల దుకాణంలో ఉన్నవి వచ్చే నెల ఉండవు. చేరిన మొదటి మూడు నెలలు ఏ పనీ నెత్తిన వేసుకోకుండా భాష, మనుషులు, దారులు నేర్చుకోవడానికే ఇవ్వమని పంపించే సంఘాన్ని ముందే అడిగి ఒప్పించుకోవాలి. మేము ఆ మూడు నెలలు పట్టుబట్టి తీసుకున్నాం. వచ్చిన మర్నాడే వార్డులోకి దిగి ఉంటే, పని జరిగేదేమో గానీ మనుషులు దక్కేవారు కాదని నా నమ్మకం.

2024 మధ్యలో తిరిగి వచ్చాం. పురుడు గదిని ఇప్పుడు నాతో పనిచేసిన ఇద్దరు మంత్రసాని నర్సులు చూసుకుంటున్నారు, నాకన్నా ఓపికైన చేతులు వాళ్ళవి. మావారు ఇప్పటికీ వారానికి రెండు సాయంత్రాలు అక్కడి పిల్లలకు ఫోనులో లెక్కలు చెబుతారు. వాళ్ళకు ఏడు గంటలైతే మనకు పదిన్నర. పక్క సంఘం నుంచి ఒక దంపతులు, ఆయన పశువైద్యులు, ఆవిడ అంగన్‌వాడీలో చేశారు, వచ్చే ఏడు వెళ్ళడానికి సిద్ధపడుతున్నారు. శనివారాలు మా వరండాలో చిచేవా మొదటి పాఠాలు నడుస్తున్నాయి. నేర్చుకోవాలనుకునేవారు ఎవరైనా రావచ్చు. పిల్లలు ఒప్పుకోని ఇంటివారైతే, పిల్లలను కూడా తీసుకురండి. మా అబ్బాయి ఆ రోజు ఇంట్లోనే ఉంటాడు, వాడితో మాట్లాడించండి.